ఆ హెడ్డింగ్ తీసెయ్, అమ్మాయ్

అమ్మాయ్,

నీ వ్యాసం పొద్దున మాంబళం మెస్సులో కూర్చుని ఫోన్‌లో చదివాను. "మీ కాఫీలోనే పిత్తాశయ క్యాన్సర్" అన్న హెడ్డింగ్ చూసి డబరా కింద పెట్టేశాను, కాసేపటికి మళ్లీ అందుకున్నాననుకో. నువ్వు క్యాన్సర్‌కు కారణమన్న మిథైల్ గ్లైఆక్సాల్ అనే రసాయనం కాఫీలో ఉంటుంది, నిజమే. ఆ మాటకొస్తే కణాలు చక్కెరను వాడుకునేటప్పుడు మన ఒంట్లోనే అది పుడుతుంది, షుగర్ ఉన్నవాళ్లలో ఇంకాస్త ఎక్కువ, దాన్ని ఎప్పటికప్పుడు విరిచేసే ఎంజైములూ మనకున్నాయి. ఇవేవీ రాయలేదు గానీ భయపెట్టడానికి మూడు పేరాలు ఖర్చుపెట్టావు.

ఇంకోటి, ఈ పిత్తాశయ క్యాన్సర్ గంగా మైదానంలో, అస్సాంలో, అందులోనూ ఆడవాళ్లలో ఎక్కువ. దక్షిణాదిలో తక్కువ. ఫిల్టర్ కాఫీ తాగేదేమో మనం! రుజువని కాదు, హెడ్డింగ్ పెట్టేముందు నీకు తట్టాల్సిన సందేహం.

"రియాక్టివ్ సమ్మేళనం" అని రాసి వదిలేశావు, ఎవరికి అర్థమవుతుంది? అరిసెల పాకం పడుతుంటే చుక్క ఎగిరి వేలిమీద పడిందనుకో, దులిపినా పోదు కదా. ఇదీ ప్రోటీన్లకు, డీఎన్‌ఏకు అలాగే అంటుకుంటుంది. అలా రాయి.

2024లో సింగపూర్‌లో క్యాన్సర్ పరిశోధకుడు అశోక్ వెంకిటరామన్ బృందం, డీఎన్‌ఏకు కాపలా కాసే బీఆర్‌సీఏ2 అనే ప్రోటీన్‌ను ఇది కొంతకాలం పనికి రాకుండా చేస్తుందని 'సెల్' పత్రికలో చూపించింది. గొప్ప పనే. కానీ అది పిత్తాశయం గురించి కాదు, ఒక్క "కాబట్టి" వేసి నువ్వే ఇటు లాక్కొచ్చావు. క్యాన్సర్ కణం చక్కెరను ఆబగా మింగుతుంది, అంటే ఈ పదార్థాన్ని తనే ఎక్కువగా పుట్టించగలదు. మరి గడ్డలో ఇది ఎక్కువుందంటే జబ్బు తెచ్చిందా, జబ్బుతో వచ్చిందా? ఆపరేషన్‌లో తీసిన ముక్కలు మాత్రమే చూస్తే అది తేలదు. ఏ పేపర్ చదివినా ముందు శాంపిల్ ఎప్పుడు తీశారో వెతుకు.

నేనేం తక్కువ తినలేదులే. పిత్తాశయంలో రాళ్లుంటే క్యాన్సర్ ముప్పని కొత్తలో ఒకటి రాశాను. రాళ్లున్నవాళ్లలో చాలామందికి క్యాన్సర్ రాదన్న వాక్యాన్ని మాత్రం చోటు చాలక కొట్టేశాను. మేడమీది పెద్దమ్మగారు స్కాన్ రిపోర్టు మడిచి కొంగున కట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు, "నాకెంత టైముంది నాయనా" అని.

ఆదివారంలోగా మార్చి పంపు. పాకం వాక్యం వాడుకో, నా పేరు వెయ్యక్కర్లేదు.