కండక్టరమ్మ తన గొంతుతో మాట్లాడాలంటే

బిడ్డా,

నీ కథ రెండుసార్లు చదివాను. ఆర్టీసీ కండక్టరమ్మ గురించి రాయాలనుకోవడం నాకెంతో నచ్చింది. కానీ ఆమె ఎక్కడ పుట్టింది, ఎంత చదివింది, పెళ్ళెప్పుడైంది అని పేజీన్నర చెప్పుకుంటూ పోయావు, బస్సు కదిలేసరికి నాకు ఓపిక అయిపోయింది. అదంతా నీకు తెలిసి ఉండాలి, నోట్‌బుక్‌లో రాసుకో, కథలోకి మాత్రం తేకు.

ఆమె గతంలోంచి ఒక్క దెబ్బ పట్టుకో చాలు. 2019లో తెలంగాణ ఆర్టీసీ సమ్మె గుర్తుందా? సద్దుల బతుకమ్మకు ఒక్కరోజు ముందు, అక్టోబర్ 5న మొదలై 52 రోజులు నడిచింది, అంతకు ముందు నెల జీతం కూడా చేతికి రాలేదు. ఆ పండక్కి ఆమె కూతురికి కొత్త గౌను కొనలేకపోయిందనుకో. ఈ మాట కథలో ఎక్కడా చెప్పకు. ఇప్పుడు జీతం పడగానే ఓ ఐదొందల నోటు మడిచి బియ్యం డబ్బా అడుగున పెడుతుంది, పండగ ఇంకా నెలన్నర ఉండగానే బట్టలు తెచ్చేస్తుంది, కూతురు "ఇప్పుడే ఎందుకమ్మా" అంటే "ఆఫర్ ఉంటే తెచ్చిన" అని అబద్ధమాడుతుంది. చదివేవాళ్ళకు ఏదో తగులుతుంది, అది చాలు.

ఇక మాట సంగతి. నీ కండక్టరమ్మ అందరితో ఒకేలా మాట్లాడుతోంది, అదీ అచ్చం నీలా. నిజానికి బస్సులో "జరుగుండ్రి, లోపల జాగ ఉన్నది" అని గొంతు చించుకునే మనిషికి డిపో మేనేజర్ ముందు "సార్" తప్ప ఇంకో మాట పెగలదు, తల్లికి ఫోన్ చేస్తే ఊరి యాసంతా తిరిగొస్తుంది. ఆ ఊరేదో ముందు నువ్వు తేల్చుకో, ఎందుకంటే కరీంనగర్ వైపు వాళ్ళ నోట "వస్త" కాస్తా "అత్త" అవుతుంది, హైదరాబాద్‌లో పెరిగితే ఉర్దూ కలుస్తుంది. కథ ఏ ఏడాదిదో కూడా చూసుకో. తెలంగాణలో ఆడవాళ్ళకు ఫ్రీ బస్సు మొదలైంది 2023 డిసెంబర్‌లో, 2018 కథలో ఆమె "ఆధార్ చూపియ్యమ్మా, జీరో టికెట్ తీసుకో" అనదు కదా.

చాలా ఏళ్ళ కింద నేనూ బీడీలు చుట్టే ఆమె మీద కథ రాశాను. మొదటి ప్రతిలో ఆమె చేత "అలసిపోయాను" అనిపించాను. తర్వాత ఒకరోజు మా వీధిలో బీడీలు చేసే ఆమె దగ్గర కూర్చున్నాను. ఒళ్ళో చాట, చేతులు ఆగడం లేదు, తల కూడా ఎత్తలేదు. ఒంట్లో ఎట్లుందని అడిగితే "ఇయ్యాల ఎనిమిదొందలే అయినయి" అంది. వెయ్యి బీడీల లెక్కన కూలి వచ్చే మనిషి తన జ్వరాన్ని అలా చెప్పింది. ఇంటికొచ్చి ఆ పేజీ కొట్టేసి మళ్ళీ రాశాను.

నువ్వూ ఒక పల్లెవెలుగు ఎక్కి కండక్టర్ సీటుకు దగ్గర్లో కూర్చో, ఫోన్ బ్యాగులో పెట్టెయ్, ఆఖరి స్టాప్ దాకా విను. ఆదివారం లోపు తల్లీకూతుళ్ళ సీన్ ఒక్కటి మళ్ళీ రాసి పంపు, బియ్యం డబ్బా సంగతి కూతురికి తెలిసిపోయిన రోజుది.

మీ పెద్దమ్మ