పచ్చచుక్క చూసి లేచిపోకు, చిన్నా

పర్లాకిమిడి

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గుణుపురంలో ఆ రక్తపరీక్షల ల్యాబు కంప్యూటర్ల బాధ్యతంతా సోమవారం నుంచి నీదేనట కదా. వినగానే గుండె నిండిపోయింది, మీ బాబాయిని లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి ఇది రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపించే డాకర్ నడుస్తోందో లేదో చూడాలంటే సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ డాకర్ అని కొట్టు. పచ్చచుక్క, పక్కన యాక్టివ్, రన్నింగ్ అని ఉంటే సర్వీసు లేచినట్టే. దానిపైన లోడెడ్ అన్న వరుసలో ఎనేబుల్డ్ అని ఉందా చూడు, అంటే మెషిన్ లేవగానే డాకర్ తనంతట తనే లేస్తుందని. ఉబుంటులో అది మామూలుగా దానంతటదే ఉంటుంది, రెడ్‌హ్యాట్ రకం మెషినైతే ఎనేబుల్ నువ్వే చేసుకోవాలి. డాకర్ కమాండ్లు కొట్టినప్పుడు పర్మిషన్ డినైడ్ అని వస్తే కంగారుపడి సర్వీసును రీస్టార్ట్ చెయ్యకు, నీ లాగిన్‌కి అనుమతి లేదంతే. ముందు సుడో చేర్చి, అంటే అడ్మిన్ అధికారంతో కొట్టు. అడిగినవాళ్ళందరినీ డాకర్ గ్రూపులో చేర్చెయ్యకు నాన్నా, ఆ గ్రూపులో ఉన్నవాడు మెషిన్ మీద సర్వాధికారం ఉన్న రూట్‌తో సమానం.

ఇప్పుడు అసలు సంగతి.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. నువ్వప్పుడు తొమ్మిదో తరగతి. పెరట్లో పనసచెట్టు కూలిపోతే దాని మీద కూర్చుని ఏడ్చావు, అన్నానికి రమ్మంటే రాలేదు. ఊరంతా కరెంటు లేదు. నేను అప్పుడు పనిచేసే చోట కూడా రిపోర్టులన్నీ ఒక్క మెషిన్‌లోనే ఉండేవి. జనరేటర్ తెచ్చి దాన్ని ఆన్ చేశాక స్టేటస్ కొట్టాను. పచ్చచుక్క కనబడింది. "అంతా నడుస్తోంది" అని అందరికీ చెప్పేసి పాత ఫైళ్ళు ఆరబెట్టడానికి వెళ్ళిపోయాను.

నడుస్తున్నది డాకర్ మాత్రమే. దాని లోపల రిపోర్టులిచ్చే కంటైనర్ పడిపోయే ఉంది. కంటైనర్‌కి రీస్టార్ట్ పాలసీ, అంటే ఆగిపోతే మళ్ళీ లేపాలా వద్దా అన్నది, మనం పెట్టకపోతే అది "నో" అనే ఉంటుంది. మెషిన్ లేస్తుంది, డాకర్ లేస్తుంది, కంటైనర్ లేవదు. ఉత్త డాకర్ పీఎస్ కొడితే పడిపోయినవి కనబడవు కూడా. పీఎస్ హైఫన్ ఏ కొట్టి ఉంటే ఎగ్జిటెడ్ అని కళ్ళెదురుగా కనిపించేది. నేను కొట్టలేదు.

సెరంగో వైపు నుంచి ఒక సవర ముసలమ్మ మనవరాలి రిపోర్టు కోసం వచ్చింది. చీటీని కొంగు చివర ముడి వేసుకుంది, తడిసి మెత్తబడిపోయింది. ఆ ముడి విప్పి, చీటీ చిరక్కుండా రెండు వేళ్ళతో పరిచి బల్ల మీద పెట్టింది. నేను పొద్దుటినుంచీ "టికే రుహ మా, టికే రుహ" అని ఒడియాలో కాస్త ఆగమ్మా అంటూనే ఉన్నాను. నెట్‌వర్క్ వైర్లు మార్చాను, ప్రింటర్ విప్పాను. సర్వీసు నడుస్తోందని నేనే చెప్పాను కనక అటు చూడనేలేదు. మధ్యాహ్నం దాటాక చూస్తే ఒక్క డాకర్ స్టార్ట్‌తో కంటైనర్ లేచి రిపోర్టు తెరుచుకుంది. అప్పటికి ఆమె బస్సు వెళ్ళిపోయింది. ఆ రాత్రి చిన్నపిల్లని ఒళ్ళో పెట్టుకుని బస్టాండు అరుగు మీద పడుకుందని మర్నాడు తెలిసింది. ఆ తడి చీటీ నాకు ఇప్పటికీ కళ్ళలో మెదులుతుంది.

అందుకే చెబుతున్నాను, విను. వెళ్ళగానే ప్రతి కంటైనర్‌కీ డాకర్ అప్‌డేట్‌తో రీస్టార్ట్ పాలసీని అన్‌లెస్-స్టాప్డ్‌గా, అంటే మనం ఆపితే తప్ప మళ్ళీ లేచేలా మార్చు, కంటైనర్‌ని మళ్ళీ కొత్తగా తయారుచెయ్యక్కర్లేదు. మార్చాక కూడా పీఎస్‌లో "అప్" అన్న మాట చూసి సంతోషపడిపోకు, పక్కనున్న సమయం చదువు. రెండు నిమిషాలాగి చూసినా అప్ ఐదు సెకండ్లే అంటే అది పడుతూ లేస్తోందన్నమాట. ఎందుకు పడుతోందో తెలియడానికి అది రాసుకునే డాకర్ లాగ్స్ చూడు. నువ్వు చిన్నప్పటినుంచీ ప్రశ్న సగం చదివి జవాబు రాసే రకానివి, ఎన్నిసార్లు తిట్టానో. ఇక్కడ అలా చెయ్యకు. తిడుతున్నానని బాధపడకు బాబూ, నీ తెలివి మీద నాకు అనుమానం లేదు, తొందర మీదే భయం.

ఆదివారం ల్యాబు మూసి ఉన్నప్పుడు డేటా కాపీ తీసుకుని మెషిన్‌ని ఒకసారి రీబూట్ చెయ్. నువ్వు చెయ్యి పెట్టకుండా, ముందు గదిలో కంప్యూటర్ నుంచి ఒక పాత రిపోర్టు తెరుచుకుంటుందేమో చూడు. తెరుచుకోగానే నాకు ఫోన్ చెయ్, రాత్రి ఎంతైనా పరవాలేదు, మేలుకునే ఉంటాను.

శనివారం గుణుపురం రైల్లో బాబాయి వస్తున్నారు. తుపాను రోజుల్లో వాడిన నా ఛార్జింగ్ టార్చి ఆయన చేత పంపిస్తున్నాను, సర్వర్ గదిలో పెట్టుకో. స్విచ్ కాస్త గట్టిగా నొక్కాలి.

మీ పిన్ని