నాన్నగారి మందులు జపాన్‌కి ఎన్ని రోజులవి తేవచ్చు?

మీరు అడిగింది ఇది: నాన్నగారు టోక్యోలో మీ దగ్గర 80 రోజులు ఉండబోతున్నారు. బీపీ, షుగర్ మాత్రలు, ఇన్సులిన్ పెన్నులు, నిద్రకి జోల్పిడెమ్, దగ్గు జలుబు మందులు అన్నీ మూడు నెలలకి సరిపడా తెచ్చుకోవచ్చా, ఇ-వీసా సరిపోతుందా, కస్టమ్స్‌లో ఏం చెప్పాలి అని. వీసా గురించి చెప్పాల్సింది కొద్దే. జాగ్రత్త పడాల్సింది మందుల దగ్గర.

ఇ-వీసా పర్యాటకానికి మాత్రమే. పిల్లల దగ్గర ఉండడానికి వస్తున్నారంటే బంధువుల సందర్శన కింద మామూలు స్వల్పకాలిక వీసాకే దరఖాస్తు చేయండి. ఆహ్వాన పత్రం, రోజువారీ షెడ్యూలు, మీ జూమిన్‌హ్యో (జపాన్‌లో నివాస ధ్రువపత్రం) మీవైపు నుంచి వెళ్లాలి. ఖర్చు మీరు పెట్టుకుంటుంటే గ్యారంటీ పత్రం, ఆదాయ రుజువు కూడా జతచేయాలి. బంధుత్వం రుజువయ్యే కాగితంలో పేర్లు ఒకసారి సరిచూసుకోండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, మీ జనన ధ్రువపత్రంలో పొడి అక్షరంగా ఉండడం మనవాళ్లలో మామూలే. అలాంటప్పుడు ఒక వివరణ లేఖ జతచేస్తే మంచిది. ఒకసారి తిరస్కరిస్తే అదే పనిమీద ఆరు నెలల దాకా మళ్లీ దరఖాస్తు తీసుకోరు. ఒక్కసారి ప్రవేశానికి ఇచ్చే వీసా జారీ అయిన రోజు నుంచి మూడు నెలలే చెల్లుతుంది కాబట్టి మరీ ముందుగా కూడా వేయకండి.

ఇక మందులు. డాక్టరు రాసిచ్చినవి ఒక నెలకి సరిపడా, దుకాణంలో నేరుగా కొనుక్కునేవి, విటమిన్లు రెండు నెలలకి సరిపడా ఏ అనుమతీ లేకుండా తెచ్చుకోవచ్చు. సొంతంగా వేసుకునే ఇన్సులిన్ పెన్నులు, సూదులు కూడా నెల లెక్కలోకే వస్తాయి. నెల అంటే చీటీలో రాసిన మోతాదు ప్రకారం నెల. మెట్‌ఫార్మిన్ రోజుకి రెండు అని రాసి ఉంటే 60 మాత్రలు. చీటీలో ఒకటే ఉండి, సంచిలో రెండేసి చొప్పున ఉంటే అక్కడే ప్రశ్నలు మొదలవుతాయి. డాక్టరు ఫోనులో మోతాదు మార్చి, పాత చీటీయే ఇంట్లో ఉండిపోయినవాళ్లు కొత్తది రాయించుకునే బయలుదేరాలి.

80 రోజులవి తేవాలంటే యున్యూ కకునిన్-షో అనే దిగుమతి నిర్ధారణ పత్రం ప్రయాణానికి ముందే చేతిలో ఉండాలి. టోక్యో విమానాశ్రయాలు నరితా, హనేదాలో దిగేవాళ్లకి దాన్ని ఇచ్చేది కాంతో-షిన్‌ఎత్సు ప్రాంతీయ ఆరోగ్య సంక్షేమ కార్యాలయం. ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు. దరఖాస్తు, ఒక్కో మందు వివరాలు, డాక్టరు చీటీ నకలు, విమాన టికెట్ వివరాలు అడుగుతారు. మందు పేరు బ్రాండు పేరుతో రాస్తే వాళ్లకి ఏమీ తెలియదు. టెల్మిసార్టాన్ 40 మి.గ్రా., గ్లిమెపిరైడ్ 1 మి.గ్రా. అంటూ అసలు మందు పేరు, మోతాదు, మొత్తం మాత్రల సంఖ్య రాయాలి. దరఖాస్తులో తప్పులుంటే వెనక్కి పంపుతారు, కాబట్టి మూడు వారాలైనా ముందు మొదలుపెట్టండి. నెలవి తెచ్చుకుని మిగతావి పార్సిల్లో పంపిస్తే పోదా అంటారు చాలామంది. పార్సిల్‌కీ ఇవే పరిమితులు.

జోల్పిడెమ్ సంగతి వేరు. అది సైకోట్రోపిక్ (మనసు, మెదడుపై పనిచేసే నియంత్రిత మందుల) జాబితాలో ఉంది, మొత్తం 300 మి.గ్రా. దాకా అయితే అదనపు కాగితం అక్కర్లేదు. 10 మి.గ్రా. మాత్రలైతే సరిగ్గా 30. 80 తెస్తే 800 మి.గ్రా. అవుతుంది, చికిత్సకి అవసరమని డాక్టరిచ్చిన పత్రం వెంట ఉండాలి, నెల దాటినందుకు పైన చెప్పిన దిగుమతి నిర్ధారణ పత్రమూ కావాలి. ఈ ఒక్క మాత్ర కోసం అంత తంటా దేనికి? నెలవే తెచ్చి, తర్వాత మీ దగ్గర్లో క్లినిక్‌లో చూపించడం నయం.

అందరూ తేలిగ్గా తీసుకునేది దగ్గు జలుబు మందులు. ఇరుక్కునేదీ వాటితోనే. ముక్కు దిబ్బడ మాత్రల్లో ఉండే సూడోఎఫెడ్రిన్ మందు బరువులో 10 శాతం దాటితే ఉద్దీపకాల (మత్తెక్కించే ఉత్తేజక మందుల) ముడిసరుకు కింద లెక్క, చీటీ చూపిస్తే సరిపోదు. చిక్కేమిటంటే డబ్బామీద శాతం ఉండదు, మిల్లీగ్రాములే ఉంటాయి. 60 మి.గ్రా. ఉన్న మాత్ర మొత్తం బరువు 500 మి.గ్రా. అనుకుంటే 12 శాతం, అంటే కుదరదు. దగ్గు, నొప్పి మందుల్లో ఉండే కోడైన్‌కి గీత 1 శాతం. 5 మి.లీ.లో 10 మి.గ్రా. ఉండే సిరప్ సుమారు 0.2 శాతమే, సాధారణ మందుగానే చూస్తారు. 30 మి.గ్రా. కోడైన్ కలిసిన పారాసిటమాల్ మాత్ర ఆ గీత దాటిపోతుంది, అప్పుడది మాదకద్రవ్యమే. మార్ఫిన్, ఆక్సికోడోన్, ఫెంటనిల్ లాంటి గట్టి నొప్పి మందులు వాడేవాళ్లు కనీసం 14 రోజుల ముందే మాదకద్రవ్య నియంత్రణ విభాగం అనుమతి తీసుకుని, మందు స్వయంగా మోసుకురావాలి, ఇంకొకరి చేత పంపకూడదు. 2015లో టొయోటా సంస్థ ఉన్నతాధికారి ఒకరు ఆక్సికోడోన్ మాత్రలు పార్సిల్లో తెప్పించుకున్నారన్న ఆరోపణపై అరెస్టయ్యారు, తర్వాత అభియోగం లేకుండా విడుదల చేశారు. ఆంఫెటమిన్ ఉన్న మందులకైతే ఏ అనుమతీ ఉండదు. జలుబుకి సూడోఎఫెడ్రిన్ లేని మాత్రలు పెట్టుకుంటే ఈ లెక్కల గొడవే లేదు.

మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి. ఉదయం, రాత్రి అని గళ్ల డబ్బాలో సర్దేస్తే ఏది ఏమిటో నాన్నగారు కూడా చెప్పలేరు. కత్తిరించిన స్ట్రిప్పు అయితే మందు పేరున్న ముక్క మిగిలేలా చూడండి. ఇన్సులిన్ చేతి సంచిలోనే రావాలి, కింద సామాన్లలో గడ్డకట్టే ప్రమాదం ఉంది.

కస్టమ్స్‌కి కుటుంబానికి ఒక డిక్లరేషన్ చాలు, విజిట్ జపాన్ వెబ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ముందే నింపి క్యూఆర్ కోడ్ చూపించవచ్చు. మాంసం కలిసిన పచ్చళ్లు వద్దు. సీసా సీలు వేసి ఉన్నా, బహుమతి అన్నా ఒప్పుకోరు, శిక్ష 3 ఏళ్ల జైలు లేదా 30 లక్షల యెన్ల జరిమానా దాకా ఉంది. పచ్చి కూరగాయలు, పండ్లు, విత్తనాలకి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. 10 లక్షల యెన్లకి మించిన నగదు ఉంటే చెప్పాలి. ఒంటిమీది నగలు సొంత వస్తువులే. మనవరాలికి ఇవ్వడానికి తెచ్చే గొలుసు అలా కాదు. బహుమతులన్నీ కలిపి 2 లక్షల యెన్ల దాకా సుంకం ఉండదు, ఒక్క వస్తువే ఆ విలువ దాటితే మొత్తం విలువకీ పడుతుంది. మీరు దుకాణం బిల్లు ఫోటో తీసి ఉంచమని చెప్పండి.

దిగాక ఒక సంగతి. నాన్నగారు సాయంత్రం నడకకి వెళ్లినా పాస్‌పోర్టు జేబులో ఉండాలి, జిరాక్సు చాలదు. వెంట లేకపోతే లక్ష యెన్ల దాకా జరిమానా వేయవచ్చు.