మామగారి రిపోర్టులో ‘ఆర్’, కోళ్లకిచ్చే నీళ్లలో మందు

ప్రశ్న: డాక్టర్ గారూ, అనపర్తి దగ్గర మాకు చిన్న కోళ్ల ఫారం ఉంది. కోడిపిల్లలు దిగిన మొదటి వారం జబ్బున్నా లేకపోయినా నీళ్లలో ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కలుపుతాం. పోయిన నెల మా మామగారికి మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. ఏ మందు పనిచేస్తుందో చూసే కల్చర్ పరీక్ష రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్‌తో సహా చాలా మందుల పక్కన ‘ఆర్’ అని ఉంది. అంటే ఆ మందులు పనిచేయవట. అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. మా కోళ్ల వల్లేనా?

– ఒక పాఠకురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ఆ రిపోర్టు చూసి ఇన్ఫెక్షన్ మీ ఫారం నుంచే వచ్చిందని ఎవరూ చెప్పలేరు. ఆయన ఇదివరకు వాడిన మందులూ కారణం కావచ్చు. కానీ మీ అనుమానం కొట్టిపారేసేది కాదు. ఎన్రోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ ఒకే కుటుంబం మందులు. కోడి ఒంట్లోకి వెళ్లాక మొదటిదాంట్లో కొంత రెండోదిగా మారిపోతుంది. ఒకదాన్ని తట్టుకోవడం నేర్చిన బ్యాక్టీరియా మీద రెండోదీ సరిగా పనిచేయదు. అమెరికాలో కోళ్లకు ఈ మందును 2005లోనే ఆపేశారు.

నేను ముప్పై ఏళ్లు పశువైద్యుడిగా పనిచేశాను. పిల్లలు దిగిన రోజే ఈ మందు వేయమని నేనూ చీటీలు రాశాను. నాలుగు పిల్లలు బతుకుతాయనుకున్నాను. అది తప్పు. ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి. మనుషులకు చివరి ఆశగా ఇచ్చే కొలిస్టిన్‌నూ కోళ్ల దాణాలో కలిపేవారు. దాన్ని తట్టుకునే శక్తినిచ్చే ఎంసీఆర్-1 అనే జన్యువు చైనా పందుల్లోని ఈ.కోలై అనే పేగుల బ్యాక్టీరియాలో బయటపడినట్టు 2015లో ప్రకటించారు. ఆ జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరో రకం బ్యాక్టీరియాకు పాకగలదు. 2019 జులైలో మన కేంద్ర ప్రభుత్వం పశువులకు, కోళ్లకు, చేపల చెరువులకు కొలిస్టిన్‌ను నిషేధించింది. మీ గదిలో పాత డబ్బా ఉంటే వాడకండి.

వచ్చే బ్యాచ్‌కి ఊరికే మందు కలపకండి. పిల్లలకు వేడినిచ్చే బ్రూడర్ కింద మొదటి వారం 95 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి ఉండాలి, ఊక పొడిగా ఉండాలి, నీళ్ల తొట్లు రోజూ కడగాలి. పిల్లలు చనిపోతుంటే అప్పుడే చనిపోయిన వాటిని ల్యాబ్‌కు తీసుకెళ్లి, ఏ మందు పనిచేస్తుందో తేలాకే వేయండి. ఫారం చెప్పులు ఇంట్లోకి తేవద్దు. పెంట ఎత్తాక సబ్బుతో చేతులు కడుక్కోండి. బాగా ఉడికిన మాంసం, గుడ్లతో ఈ భయం లేదు.

మామగారికి డాక్టర్ రాసిన మందు, జ్వరం తగ్గిందని మధ్యలో మానేయనివ్వకండి. మీకు ఫారం ఉందన్న సంగతి కూడా ఆ డాక్టర్‌కు చెప్పండి.