టెక్ సందేహాలు: వారం తిరిగేసరికి నెబ్యులా ఎటు పోయింది?

ప్రశ్న: ఈక్వటోరియల్ మౌంట్ (భూమి అక్షానికి సమాంతరంగా పెట్టిన అక్షం చుట్టూ తిరిగే స్టాండ్) ఉన్న టెలిస్కోప్ కొన్నాను. పోయిన శనివారం రాత్రి 9 గంటలకు ఒరాయన్ నెబ్యులాను (ఆకాశంలో మెరిసే వాయు మేఘం) వెతికి పట్టుకుని, మౌంట్ మీది ఆర్ఏ డయల్‌ను యాప్ చూపించిన 5 గంటల 35 నిమిషాలకు తిప్పి పెట్టాను. ఈ శనివారం అదే టైముకి మళ్లీ అదే అంకె దగ్గరికి తెస్తే అక్కడ నెబ్యులా లేదు! మౌంట్‌ను అంగుళం కూడా కదపలేదు. డయల్ పాడైందా? అసలు ఆకాశాన్ని గంటల్లో కొలవడం ఏమిటి?

జవాబు: డయల్ బాగానే ఉంది, టెన్షన్ పడకండి. మీ రెండో ప్రశ్నకు జవాబు తెలిస్తే మొదటిది దానంతటదే విడిపోతుంది.

ఊరికి అక్షాంశం, రేఖాంశం ఉన్నట్టే నక్షత్రానికి డెక్లినేషన్, రైట్ అసెన్షన్ ఉంటాయి. డెక్లినేషన్ సులువు. ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) దగ్గర సున్నా, ఆకాశపు ఉత్తర ధ్రువం దగ్గర +90, దక్షిణ ధ్రువం దగ్గర -90 డిగ్రీలు. రైట్ అసెన్షన్‌ను, అంటే మీ డయల్ మీది ఆర్ఏను, మార్చి విషువత్తు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజు) నాడు సూర్యుడు ఉండే బిందువు నుంచి తూర్పు వైపుగా లెక్కపెడతారు. ఆకాశం రోజుకో చుట్టు తిరిగినట్టు కనిపిస్తుంది కాబట్టి ఆ చుట్టును 24 గంటలుగా పంచారు. గంటకు 15 డిగ్రీలు, 4 నిమిషాలకు ఒక డిగ్రీ.

అసలు మెలిక ఇక్కడుంది. నక్షత్రాల చుట్టు పూర్తయ్యేది 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లలోనే. అంటే ఏ నక్షత్రమైనా రోజూ దాదాపు 4 నిమిషాలు ముందే నిన్నటి చోటికి వచ్చేస్తుంది. వారానికి అది దాదాపు 28 నిమిషాలు, అంటే 7 డిగ్రీలు. మీ నెబ్యులా అంత దూరం పడమరకు జరిగిపోయింది. పద్నాలుగు పూర్ణచంద్రులను పక్కపక్కన పేర్చినంత దూరం!

నిజానికి వారం కూడా అక్కర్లేదు, మోటార్ లేని మౌంట్‌లో పది నిమిషాలకే రెండున్నర డిగ్రీల తేడా వస్తుంది. ఆర్ఏ అంకె నక్షత్రానిది, డయల్ భూమి మీద నిలబెట్టిన మౌంట్‌ది. ఈ రెండింటినీ మనమే ప్రతిసారీ కలపాలి. డయల్ చేత్తో తిప్పితే తిరిగేలా చేసింది అందుకే.

ముందుగా మౌంట్ ధ్రువ అక్షం (ఆర్ఏ డయల్ ఉండే అక్షం) వంపు కోణాన్ని మీ ఊరి అక్షాంశానికి పెట్టి, దాన్ని ధ్రువ నక్షత్రం వైపు తిప్పండి. ఆ నక్షత్రం అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీ లోపే ఉంటుంది, కంటితో చూడటానికి అది చాలు. ఇప్పుడు నెబ్యులాకు దగ్గర్లోనే ఉన్న రిగెల్ నక్షత్రాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) మధ్యలోకి తెచ్చి, డయల్‌ను 5 గంటల 14 నిమిషాలకు తిప్పండి. డెక్లినేషన్ డయల్ అక్కడ దాదాపు -8 చూపించాలి. తర్వాత డయల్‌ను ముట్టుకోకుండా టెలిస్కోప్‌ను మాత్రమే 5 గంటల 35 నిమిషాలకు, దాదాపు -5½ డిగ్రీలకు జరపండి. రిగెల్ నుంచి ఇది తూర్పు వైపు కదలిక, కాబట్టి ఆర్ఏ అంకె పెరగాలి. తగ్గుతుంటే మీరు రెండో వరుస అంకెలు చదువుతున్నారన్నమాట. చాలా డయల్స్ మీద ఉత్తరార్ధగోళానికి ఒకటి, దక్షిణార్ధగోళానికి ఒకటి రెండు వరుసలుంటాయి. ఇక్కడ పొరబడేవాళ్లు ఎక్కువ.

చిన్న డయల్ గీతల మీద మరీ భరోసా పెట్టుకోకండి. 10 నిమిషాలకొక గీత ఉంటే, గీతకూ గీతకూ మధ్య ఐదు చంద్రుళ్లు పడతాయి. అందుకని తక్కువ మాగ్నిఫికేషన్ ఇచ్చే ఐపీస్‌తో, దగ్గర్లోని నక్షత్రం నుంచే బయల్దేరండి. నా దృష్టిలో ఈ పద్ధతి నేర్చుకోవడానికి ఒరాయన్ నెబ్యులాను మించింది లేదు. చీకటి ఆకాశంలో మామూలు కంటికే కనిపిస్తుంది కాబట్టి గురి కుదిరిందో లేదో వెంటనే తెలిసిపోతుంది.

ప్రశ్న: యాప్‌లో ఒకే నక్షత్రానికి రెండు కోఆర్డినేట్లు ఉన్నాయి. ఒకటి జె2000, ఇంకోటి ఈ రోజు తేదీది. ఏది వాడాలి?

జవాబు: భూమి అక్షం దాదాపు 26,000 ఏళ్లకోసారి బొంగరంలా ఒక చుట్టు తిరుగుతుంది. దాంతో కోఆర్డినేట్ల గీతలే మెల్లగా జరుగుతుంటాయి. జె2000 అంటే 2000 సంవత్సరం మొదటినాటి లెక్క. అప్పటి నుంచి వచ్చిన తేడా చంద్రుడి వెడల్పు కంటే తక్కువే. చేత్తో తిప్పే డయల్‌కు ఏదైనా ఒకటే. ఫొటోల కోసం ధ్రువాన్ని కచ్చితంగా పట్టుకోవాలంటే మాత్రం ఈ రోజు తేదీదే తీసుకోండి.