పాత కారు పెట్రోల్ ట్యాంకు: కొత్తది వెతికేముందు మూత తెరిచి చూడండి

బండి అరగంట నడిచాక ఆగిపోతోంది, పది నిమిషాలాగితే మళ్లీ స్టార్ట్ అవుతోంది, ఫిల్టర్లో ఎర్రటి పొడి కనిపిస్తోంది, మెకానిక్ ట్యాంకు మార్చమన్నాడు, ఈ మోడల్‌కు ట్యాంకు ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. ట్యాంకు వేటలో పడకముందు ఒక్క పని చేయండి. ఈసారి బండి ఆగగానే దిగి పెట్రోల్ మూత తిప్పండి. గాలి లోపలికి లాక్కున్నట్టు ‘సుయ్’మని చప్పుడు వచ్చి, ఆ వెంటనే బండి మామూలుగా నడిస్తే, ఆగడానికి కారణం ట్యాంకు కాదు, మూత.

నా 1972 కారుతో నేను ఇలాగే మూడు నెలలు టెన్షన్ పడ్డాను. పంపు మార్చాను, కార్బ్యురేటర్ విప్పించాను. అసలు సంగతేమిటంటే, పాత మూత పోయినప్పుడు కొలత సరిపోయింది కదా అని వేరే కారు మూత తెచ్చి పెట్టాను. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. రాకపోతే లోపల వాక్యూమ్ ఏర్పడి పంపు ఎంత లాగినా పెట్రోల్ రాదు. పాత కార్లలో చాలావాటికి ఆ గాలి మూతకున్న సన్నని దారి నుంచే వస్తుంది. 1970ల మొదట్లో అమెరికాలో పెట్రోల్ ఆవిరి బయటికి పోకూడదని నిబంధనలు వచ్చాక, ఆవిరిని బొగ్గు నింపిన డబ్బాలోకి మళ్లించి మూతలోని గాలి దారిని మూసేశారు. రెండు రకాలూ పైకి ఒకేలా ఉంటాయి. కాబట్టి కొనేటప్పుడు గాలి దారి ఉన్నదా లేనిదా అని నోరు తెరిచి అడగాలి. మూతకు మీరే రంధ్రం వేయొద్దు, మలుపుల్లో పెట్రోల్ చిందుతుంది.

ఎర్ర పొడి సంగతి వేరు. సగం ఖాళీగా నెలల తరబడి నిలబెట్టిన ట్యాంకులో గాలిలోని తేమ గోడలకు పట్టి చుక్కలుగా కారుతుంది. నీరు పెట్రోల్ కంటే బరువు, అడుగుకు చేరి అక్కడే రేకును తింటుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ తేమను ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. అది మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి అడుగున వేరే పొరగా దిగిపోతాయి.

ట్యాంకు దించినప్పుడు లోపల మాత్రమే చూసి ఊరుకోకండి. నాది లోపల బాగానే మెరిసింది. ట్యాంకును పట్టి ఉంచే ఇనప పట్టీ విప్పి, దాని కింది ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) ముక్క లాగితే చేతికి తడి తగిలింది. కింద పెయింటు బుడగలు కట్టి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా నొక్కానో లేదో రేకు అప్పడంలా విరిగి మొన లోపలికి దిగిపోయింది. ఆ ఫెల్ట్ ఎన్నేళ్లుగా తడి పట్టుకుని ఉందో!

పైపై తుప్పయితే ట్యాంకు మార్చక్కర్లేదు. పెట్రోల్ మట్టాన్ని గేజ్‌కు చెప్పే ఫ్లోట్ యూనిట్ తీసేసి, సబ్బు నీళ్లతో కడిగి, లీటరు నీటికి సుమారు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి నింపి ఒకట్రెండు రోజులు ఉంచండి. తర్వాత వంట సోడా నీళ్లతో కడిగి వెంటనే ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే గంటల్లోనే కొత్త తుప్పు లేస్తుంది. లోపల పూత పోసే సీలర్లంటే నాకు నమ్మకం లేదు. గోడ పూర్తిగా శుభ్రంగా, పొడిగా లేకపోతే అది పొరలుగా ఊడి పెట్రోల్ లాగే గొట్టానికే అడ్డం పడుతుంది.

చిల్లులు పడితే మాత్రం దయచేసి సొంతంగా వెల్డింగ్ పెట్టకండి. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం, ఎందుకంటే అంటుకునేది ఆవిరి. సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలోనూ పెట్రోల్ ఆవిరి అంటుకోగలదు. ట్యాంకుల పనే చేసేవాళ్లు ముందు ఆవిరి మొత్తం పోగొట్టి తర్వాతే మంట పెడతారు. నాది అలాగే అతుకు వేయించాను, ఇప్పటికీ కారలేదు.

ఇక విడిభాగాల విషయం. నేను పెట్టుకున్న నియమం ఇది: ఇనుము పాతదైనా కొంటాను, రబ్బరు ఎప్పుడూ కొత్తదే. నలభై ఏళ్లు పెట్టెలో పడి ఉన్న ‘ఒరిజినల్’ గొట్టం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, వంచగానే పగుళ్లు తేలతాయి. ఫ్లోట్ యూనిట్ కింద ఉండే కార్క్ గాస్కెట్టూ అంతే. గొట్టం మీద ఎస్ఏఈ జె30 ఆర్9 (పెట్రోల్ గొట్టాల ప్రమాణం) అని ముద్ర చూసి తీసుకోండి, ఇథనాల్‌కు తట్టుకుంటుంది. కానీ ట్యాంకు లోపల మునిగి ఉండే ముక్కకు ఆర్9 పనికిరాదు, దాని పై పొర పెట్రోల్‌లో నానితే పాడవుతుంది. అక్కడికి ఆర్10 అడగండి. నిండుగా పోయించినప్పుడు, మలుపుల్లో మాత్రమే పెట్రోల్ వాసన వస్తోందంటే, పోసే గొంతుకూ ట్యాంకుకూ మధ్య ఉన్న లావుపాటి రబ్బరు గొట్టాన్ని ముందు తడిమి చూడండి.

ఫ్లోట్ యూనిట్ కొనేటప్పుడు బోల్టుల మధ్య దూరం, కడ్డీ పొడవుతో పాటు ఓమ్‌లు, అంటే కరెంటుకు అది ఇచ్చే నిరోధం, కూడా కలవాలి. 1960ల చివరి నుంచి జీఎం (జనరల్ మోటార్స్) కార్లలో ఖాళీకి 0, నిండుకు 90 ఓమ్‌లు. పాత ఫోర్డ్‌లలో ఖాళీకి 73, నిండుకు 10 దరిదాపుల్లో ఉంటుంది. ఒకదానిది ఇంకోదానికి పెడితే గేజ్ ముల్లు తలకిందులుగా తిరుగుతుంది. పాతది పాడైనా పారేయకండి. నేను పారేశాను, తర్వాత కొలవడానికి చేతిలో ఏమీ లేక చాలా ఇబ్బంది పడ్డాను. దాని రేకు మీద కొట్టిన నంబరుతో మీ మోడల్ ఓనర్ల క్లబ్బులో అడిగితే, అదే యూనిట్ వేరే మోడళ్లకూ వాడారేమో చెప్పగలరు. నాకు దొరికింది అలాగే, పాత వ్యాన్‌లోంచి తీసిన యూనిట్.

ట్యాంకు తిరిగి బిగించాక గేజ్ పనిచేయకపోతే కంగారు పడకండి. కొత్త పెయింటు, కొత్త రబ్బరు పట్టీలు వేసేసరికి ట్యాంకుకు బాడీతో ఎర్త్ తెగిపోతుంది. ఫ్లోట్ యూనిట్ స్క్రూ దగ్గర్నుంచి ఛాసిస్‌కు ఒక వైరు కలిపితే సరిపోతుంది.