18 ఏళ్ల డిఫెన్స్ ఆటగాడిలో ఎన్‌హెచ్‌ఎల్ జట్టు ఏం చూడాలి?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లోని జట్లు డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) 18 ఏళ్ల డిఫెన్స్ కుర్రాళ్లను తీసుకునేటప్పుడు ఎత్తు, జూనియర్ లీగ్‌లో చేసిన పాయింట్లు చూస్తే సరిపోదా, ఇంకేం చూస్తారు అని అడిగారు. సరిపోదు. ఆ రెండూ అన్ని జట్లకూ ఒకేలా కనిపిస్తాయి. తేడా వచ్చేది మిగతా చోట్ల. నేను ఒంటారియోలో ఉంటాను. పగలు డేటా ఉద్యోగం. చలికాలం వారాంతాల్లో జూనియర్ మ్యాచ్‌లు చూసి డిఫెన్స్ ఆటగాళ్ల మీద నివేదికలు రాస్తాను. చాలా ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను: పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అతని వెనక్కి వెళ్లినప్పుడు ఏం చేస్తాడో ముందు చూడండి. మిగతావన్నీ దాని తర్వాతే.

హాకీ కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం కాస్త వివరంగా చెబుతాను. ప్రత్యర్థులు మన గోల్ వైపు భాగాన్ని (జోన్) వేరుచేసే బ్లూ లైన్ దగ్గర దారి దొరక్కపోతే పక్‌ను గోల్ వెనక మూలలోకి కొట్టేస్తారు. దాని వెంట ఒకరో ఇద్దరో ఫార్వర్డ్‌లు దూసుకొస్తారు. డిఫెన్స్‌మన్ వెనక్కి తిరిగి, వాళ్లకంటే ముందు పక్ అందుకుని, ఒంటిమీద దెబ్బ పడేలోగా దాన్ని తనవాళ్లకు చేర్చాలి. ఇదంతా మూడు నాలుగు సెకన్ల వ్యవహారం. మ్యాచ్ పొడవునా మళ్లీ మళ్లీ జరుగుతూనే ఉంటుంది. 2005-06లో ఎన్‌హెచ్‌ఎల్ నియమాలు మార్చాక ఈ పని ఇంకా కష్టమైంది. అంతకుముందు మార్టిన్ బ్రాడూర్ లాంటి గోలీ మూలదాకా వెళ్లి పక్ తీసిచ్చేవాడు. ఆ ఏడాది గోల్ వెనక ట్రాపిజాయిడ్ (సమలంబ చతుర్భుజం) గీసి, అది దాటి మూలల్లో గోలీ పక్ ముట్టకూడదన్నారు. పరుగెత్తుకొచ్చే ఫార్వర్డ్‌ను పట్టుకుని, భుజం అడ్డుపెట్టి ఆపితే అంతకుముందు చూసీచూడనట్టు వదిలేసేవాళ్లు, అప్పటినుంచి పెనాల్టీ ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే డిఫెన్స్‌మన్‌కు ఉన్న రెండు ఆసరాలూ ఒకేసారి పోయాయి.

ఆ సెకన్లలో నేను మొదట చూసేది మెడ. పక్ దగ్గరికి వెళ్తూ భుజం మీదుగా వెనక్కి ఎన్నిసార్లు చూశాడు? ఒక్కసారి చూసేవాడు వెంటపడుతున్నవాడు ఎక్కడున్నాడో తెలుసుకుంటాడు. రెండోసారి కూడా చూసేవాడికి తనవాళ్లు ఎటు ఖాళీగా ఉన్నారో కూడా తెలుస్తుంది. పక్ ముట్టుకునేసరికే అతని నిర్ణయం అయిపోయి ఉంటుంది. తల వంచుకుని పక్‌నే చూస్తూ వెళ్లే కుర్రాడు ఎంత వేగంగా వెళ్లినా అక్కడికి చేరాక ఆలోచించాల్సి వస్తుంది. జూనియర్ స్థాయిలో ఆ ఆలస్యం చెల్లిపోతుంది. పైస్థాయిలో అదే ఆలస్యానికి రింక్ చుట్టూ ఉండే గోడ అద్దం మీద ముఖం ఆనుతుంది.

తర్వాత పాదాలు. ముందుకు ఎంత వేగంగా స్కేట్ చేస్తాడన్నది నాకు అంత ముఖ్యం కాదు. వెనక్కి స్కేట్ చేస్తున్నవాడు ముందుకు తిరిగే ఆ మలుపులో వేగం పోతోందా లేదా, ఎడమ వైపు తిరిగినంత తేలికగా కుడి వైపూ తిరుగుతున్నాడా అన్నది చూస్తాను. చాలామంది కుర్రాళ్లకు ఒక వైపు మలుపు బలహీనంగా ఉంటుంది. పైస్థాయి కోచ్‌లు వీడియో చూసి, పక్‌ను ఎప్పుడూ ఆ వైపుకే వేయిస్తారు.

మూడోది, పక్ దొరికాక మొదటి పాస్. నేను రాసుకునే లెక్క చాలా సాదా: పక్ అందుకున్నాక అది తన జట్టు దగ్గరే ఉంటూ జోన్ దాటిందా, గోడ మీదుగా ఊరికే బయటికి తోసేశాడా, పోగొట్టుకున్నాడా. తోసెయ్యడం తప్పు కాదు, కొన్నిసార్లు అదే తెలివైన పని. కానీ ఎదురుగా పాస్ దారి తెరిచి ఉన్నా తోసేస్తున్నాడంటే అతనికి ఆ దారి కనబడలేదన్నమాట. అలాంటివాటికి పక్కన వేరే గుర్తు పెట్టుకుంటాను. ఒక పాస్ ప్రత్యర్థికి చిక్కి గోల్ పడితే ఆ తర్వాతి రెండు షిఫ్టులు (మంచు మీదికి దిగే విడతలు) మరింత జాగ్రత్తగా చూస్తాను. మళ్లీ అదే పాస్‌కు ప్రయత్నిస్తే ఆ కుర్రాడిలో సరుకుందని రాస్తాను. భయపడి ప్రతి పక్‌నూ గోడకేసి కొడుతుంటే అది అతని తప్పో, బెంచి మీద కోచ్ పెట్టిన భయమో ఆరా తీయాలి.

బ్లూ లైన్ దగ్గర ఎదుటివాడికి ఎంత దూరంలో నిలబడుతున్నాడు, స్టిక్‌తో దారి మూస్తున్నాడా లేక వెనక్కి వెనక్కి జరిగి జోన్‌ను అప్పగించేస్తున్నాడా అన్నది కూడా ముఖ్యమే. ఇక్కడొక జాగ్రత్త అవసరం. ఎన్‌హెచ్‌ఎల్ రింక్ వెడల్పు 85 అడుగులు. యూరప్‌లో చాలాచోట్ల 30 మీటర్ల వరకూ ఉండేది, అంటే 98 అడుగుల పైమాట. అంత వెడల్పులో పెరిగిన స్వీడన్ కుర్రాడు కాస్త వెనక్కి జరిగి ఆడితే దాన్ని పిరికితనమని రాయకూడదు. రింక్ అతనికి నేర్పింది అది.

ఇక పాయింట్ల సంగతి. జూనియర్‌లో డిఫెన్స్‌మన్ పాయింట్లలో పెద్ద భాగం పవర్‌ప్లేలో వస్తుంది. ప్రత్యర్థి ఒకడు తక్కువగా ఆడుతున్నప్పుడు, నలుగురు మెరికల్లాంటి ఫార్వర్డ్‌లకు పై నుంచి పక్ అందిస్తే అసిస్ట్‌లు (గోల్‌కు దారితీసిన పాస్‌కిచ్చే పాయింట్లు) వాటంతటవే పడతాయి. ఫ్లాట్ పిచ్ మీద కొట్టిన సెంచరీ లాంటిది, సెంచరీయే గానీ పిచ్ కూడా చూసి మార్కులెయ్యాలి. ఐదుగురికి ఐదుగురు ఉన్నప్పుడు ఎన్ని వచ్చాయి, పక్కన ఎవరు ఆడుతున్నారు, ప్రత్యర్థి మొదటి లైన్ (ముగ్గురు మేటి ఫార్వర్డ్‌ల బృందం) ఎదుట ఎంతసేపు గడిపాడు అన్నవి విడదీసి చూడాలి. ప్లస్-మైనస్ అంకెను (అతను మంచు మీదున్నప్పుడు జట్టు చేసిన, ఇచ్చిన గోల్స్ తేడా) ఒక్క సీజన్‌కు నేనసలు లెక్కలోకి తీసుకోను. అందులో గోలీ పాత్ర ఎక్కువ.

ఏ మ్యాచ్ చూస్తున్నామన్నదీ పెద్ద విషయమే. ఆట ఆగినప్పుడు ఆటగాళ్లను చివరగా మార్చే హక్కు సొంతగడ్డ జట్టుది. కాబట్టి సొంత రింక్‌లో కోచ్ ఒక బలహీనుణ్ని ప్రత్యర్థి మంచి లైన్‌కు ఎదురుపడకుండా దాచేయగలడు. బయటి రింక్‌లో దాచలేడు, అవతలి కోచ్ వెతికి వెతికి అతని మీదికే తన మెరుగైన ముగ్గురినీ వదులుతాడు. అందుకే నేను ఒక కుర్రాణ్ని బయటి మ్యాచ్‌లో చూడకుండా నివేదిక ముగించను. అలాగే ఒంటారియో జూనియర్ లీగ్ ఓహెచ్‌ఎల్‌లో శుక్ర, శని, ఆదివారాలు వరసగా మూడు మ్యాచ్‌లు ఆడే వారాలుంటాయి. ఆదివారం మధ్యాహ్నం మూడో పీరియడ్‌లో కాళ్లు బరువెక్కాక కూడా అతను భుజం మీదుగా వెనక్కి చూస్తున్నాడంటే ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయిందని అర్థం. జూన్ సమయంలో బఫెలోలో జరిగే కంబైన్ అనే పరీక్షల శిబిరంలో సైకిల్ తొక్కిస్తారు, బలం కొలుస్తారు, ఇంటర్వ్యూలు చేస్తారు. మంచు మీద పరీక్ష ఒక్కటీ ఉండదు. దాంతో కుర్రాడి శరీరం గురించి తెలుస్తుంది, ఆట గురించి మాత్రం చలికాలమే చెప్పాలి.

ఇదంతా ఎంత కష్టమో అర్థం కావాలంటే 2012 డ్రాఫ్ట్ చూడండి. పిట్స్‌బర్గ్‌లో జరిగింది. మొదటి పది మందిలో ఎనిమిది మంది డిఫెన్స్ ఆటగాళ్లే: రయన్ మర్రే, గ్రిఫిన్ రైన్‌హార్ట్, మోర్గన్ రైలీ, హంపస్ లిండ్‌హోమ్, మాట్ డంబా, డెరిక్ పూలియట్, జేకబ్ ట్రూబా, స్లేటర్ కూకూ. వీళ్లలో రైలీ, లిండ్‌హోమ్, ట్రూబా తమ జట్లకు ఏళ్ల తరబడి మూలస్తంభాల్లా నిలిచారు. మర్రేను గాయాలు వెంటాడాయి. నాలుగో స్థానంలో వెళ్లిన రైన్‌హార్ట్ 6 అడుగుల 4 అంగుళాల మనిషి, తండ్రి పాల్ రైన్‌హార్ట్ కూడా ఎన్‌హెచ్‌ఎల్ డిఫెన్స్‌మనే, ఎడ్మంటన్ ఆయిల్ కింగ్స్‌తో పశ్చిమ కెనడా జూనియర్ లీగ్ డబ్ల్యూహెచ్‌ఎల్ టైటిల్ గెలిచాడు. కాగితం మీద ఏ లోటూ లేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 37 మ్యాచ్‌లు. 2015లో ఎడ్మంటన్ ఆయిలర్స్ అతని కోసం న్యూయార్క్ ఐలాండర్స్‌కు 16వ, 33వ పిక్‌లు (ఎంచుకునే వంతులు) ఇచ్చింది. ఆ 16వ పిక్‌తో న్యూయార్క్ ఐలాండర్స్ తర్వాత స్టార్ ఫార్వర్డ్ అయిన మాథ్యూ బార్జల్‌ను తీసుకుంది. రైన్‌హార్ట్ కష్టపడలేదని కాదు. పెద్ద శరీరం, చక్కటి స్థానజ్ఞానం జూనియర్‌లో చాలా పనులు చేసిపెడతాయి; ఆట వేగం పెరిగినప్పుడు పాదాలు, మొదటి పాస్ అందుకు తగ్గట్టు పెరగాలి. అతని విషయంలో ఆ తేడానే తేల్చిందని నా అభిప్రాయం.

అదే డ్రాఫ్ట్‌లో 74వ స్థానంలో ఎసా లిండెల్, 78లో షేన్ గోస్టిస్‌బెహేర్, 86లో కోల్టన్ పరేకో, 120లో జేకబ్ స్లావిన్ వెళ్లారు. స్లావిన్‌ను చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. పెనాల్టీలు దాదాపు లేకుండా, స్టిక్‌తో దారి మూసి, పక్ తీసుకుని నిదానంగా వెళ్లిపోతాడు. డిఫెన్స్‌మన్ అయి ఉండి మర్యాదైన ఆటకిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ 2021లో, 2024లో గెలుచుకున్నాడు. హైలైట్ వీడియోలో పడే ఆట కాదది. నాలుగో రౌండ్ దాకా ఆగడానికి అదీ ఒక కారణమనుకుంటాను.

పరేకో కథలో ఇంకో పాఠముంది, అది వయసు గురించి. 2011లో డ్రాఫ్ట్‌కు అర్హత వచ్చినప్పుడు అతణ్ని ఎవరూ తీసుకోలేదు. ఆలస్యంగా ఎత్తు పెరిగాడు. ఫోర్ట్ మెక్‌ముర్రే అనే చిన్న ఊరి జూనియర్ జట్టు నుంచి మరుసటేడు సెయింట్ లూయిస్ తీసుకుని, అలాస్కాలో యూనివర్సిటీ హాకీ ఆడనిచ్చింది. 6 అడుగుల 6 అంగుళాల ఆ మనిషి 2019లో స్టాన్లీ కప్ (ఎన్‌హెచ్‌ఎల్ టైటిల్) గెలిచిన జట్టులో కీలకం. డ్రాఫ్ట్ వయసుకు సెప్టెంబర్ 15 హద్దు. సెప్టెంబర్ 16న పుట్టినవాడూ, మరుసటి ఏడు సెప్టెంబర్ 15న పుట్టినవాడూ ఒకే డ్రాఫ్ట్‌లో నిలబడతారు, దాదాపు ఏడాది తేడాతో. పదిహేడు, పద్దెనిమిదేళ్ల శరీరాలకు ఏడాదంటే చాలా ఎక్కువ. 2025లో మొదటి స్థానంలో ఐలాండర్స్ తీసుకున్న మాథ్యూ షేఫర్ సెప్టెంబర్ 5న పుట్టాడు. పదకొండు రోజులు ఆలస్యమై ఉంటే మరుసటి డ్రాఫ్ట్ దాకా ఆగేవాడు. పైగా ఆ సీజన్‌లో భుజం దగ్గర ఎముక విరగడంతో జూనియర్ జట్టు ఈరీ ఆటర్స్‌కు ఆడింది 17 మ్యాచ్‌లే. అయినా జట్లకు సందేహం రాలేదు. అతను పక్ కోసం వెనక్కి వెళ్లే తీరు ఒక్క పీరియడ్ చూసినవాళ్లకు అదెందుకో తెలుస్తుంది.

ఎత్తు గురించి ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు కూడా నన్ను అడుగుతుంటారు, మావాడు పొట్టి కదా, డిఫెన్స్ వద్దంటారా అని. క్విన్ హ్యూస్ 5 అడుగుల 10 అంగుళాలు, 2024లో ఏటా ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ గెలిచాడు. ఆడమ్ ఫాక్స్ 6 అడుగులు లేడు, విపరీతమైన వేగమూ లేదు. 2016లో 66వ స్థానంలో వెళ్లి 2021లో నోరిస్ అందుకున్నాడు. ఎత్తు అక్కర్లేదని నేననను. జెడెనో ఛారా 6 అడుగుల 9 అంగుళాలతో 1996లో 56వ స్థానంలో వెళ్లాడు, 2009లో నోరిస్ గెలిచాడు. పొడవాటి చేతులు, పొడవాటి స్టిక్ మంచు మీద దారులు మూసేస్తాయి. కాకపోతే పొడుగువాడికి పాదాలు కుదురుకోవడానికి ఎక్కువ ఏళ్లు పడుతుంది, పొట్టివాడు దెబ్బ పడకముందే ఆలోచన పూర్తి చెయ్యగలగాలి. ఇద్దరికీ వేర్వేరు ప్రశ్నలు వెయ్యాలి.

చివరగా, తీసుకున్నాక జట్టు చెయ్యాల్సింది. ఫార్వర్డ్ 19 ఏళ్లకు నిలదొక్కుకుంటే డిఫెన్స్‌మన్‌కు 22, 23 రావడం మామూలే. తప్పు చేస్తే వెనక గోలీ తప్ప ఎవరూ ఉండని స్థానం అది. చాలా ఏళ్లపాటు కెనడా జూనియర్ లీగ్‌ల కుర్రాడు 20 ఏళ్లలోపు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడకపోతే ఎన్‌హెచ్‌ఎల్‌కు కింది స్థాయి లీగ్ ఏహెచ్‌ఎల్‌కు వెళ్లకుండా తిరిగి జూనియర్‌కే వెళ్లాల్సి వచ్చేది. దాంతో కొందరిని తొందరపడి పైకి తెచ్చారు, కొందరు కిందే ఎదగకుండా ఉండిపోయారు. 2025 ఆగస్టు నుంచి ఈ జూనియర్ ఆటగాళ్లకు అమెరికా యూనివర్సిటీ హాకీ తలుపు కూడా తెరిచారు. తమకంటే పెద్ద వయసు వాళ్లతో ఆడే ఆ ఏళ్లు డిఫెన్స్ కుర్రాళ్లకే ఎక్కువ మేలు చేస్తాయని నా నమ్మకం. అందుకే మూడో ఏడు దాటకముందు ఒక డిఫెన్స్ కుర్రాడి మీద తుది తీర్పు ఇవ్వమంటే నేను ఒప్పుకోను. డంకన్ కీత్‌ను షికాగో 2002లో 54వ స్థానంలో తీసుకుని, రెండు సీజన్లు నార్ఫోక్‌లో ఏహెచ్‌ఎల్ ఆడించి, 2005లో పైకి తెచ్చింది. ఆ తర్వాత అతను రెండు నోరిస్ ట్రోఫీలు, మూడు స్టాన్లీ కప్‌లు గెలిచాడు.